మూడుసార్లు చూసినా చూడని సినిమా

'లారెన్స్ ఆఫ్ అరేబియా' నేను మూడుసార్లు చూశాను. చూశాననే అనుకున్నాను. మొదటిసారి చదువుకునే రోజుల్లో, స్నేహితుడి గదిలో, పాత టీవీలో. అప్పుడు వీసీడీల కాలం. వెడల్పాటి సినిమాను చదరపు టీవీలో ఇరికించడానికి రెండు పక్కలా కోసేసేవాళ్లు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటుంటే ఒకడి ముక్కు, ఇంకొకడి ముక్కు, మధ్యలో బోలెడంత ఖాళీ కనిపించేవి. రెండోసారి లాప్‌టాప్‌లో, మూడు రాత్రులకు మూడు ముక్కలుగా. మూడోసారి రైల్లో, ఫోన్లో. సగంలో చార్జింగ్ అయిపోయింది, మిగతాది ఇంటికొచ్చాక పూర్తి చేశాను. ఈమాత్రానికే నలుగురిలో ఈ సినిమా ప్రస్తావన వస్తే "ఓహో, అది మాస్టర్‌పీస్ కదండీ" అని తల పంకించేంత ధీమా వచ్చేసింది.

ఈమధ్య ఒక థియేటర్లో దీన్ని ఒకే ఒక్క ఆట వేస్తున్నారని తెలిసింది. రీళ్లతో కాదు, 2012లో 4కె లో శుభ్రం చేసిన డిజిటల్ ప్రతి. ఇంట్లో చెప్పాను.

"ఎంతసేపు?" అంది మా ఆవిడ.

"ఇంటర్వెల్‌తో కలిపి నాలుగు గంటలు."

"నాలుగు గంటలు ఇసుక చూడ్డానికి మీరే వెళ్లిరండి."

పదమూడేళ్ల మా అమ్మాయి మాత్రం నేనొస్తానంది. ఆ సాయంత్రం దానికి లెక్కల ట్యూషన్ ఉంది. ఇది సినిమా మీద ఆసక్తా, లెక్కల మీద విరక్తా అని నేను ఆరా తీయలేదు.

వెళ్లే ముందు కథ చెప్పాలా వద్దా అని కాస్త ఆలోచించాను. చరిత్ర సినిమాలతో ఇదో ఇబ్బంది. ఎవరు ఎవరితో ఎందుకు కొట్టుకుంటున్నారో తెలియకపోతే గంటసేపు అయోమయం, అంతా చెప్పేస్తే చూడ్డానికి ఏమీ మిగలదు. చివరికి నాలుగు ముక్కలు చెప్పాను. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతోంది. అరబ్బులు తురుష్క ఒట్టోమన్ సామ్రాజ్యం కింద ఉన్నారు. 1916లో మక్కా షరీఫ్ హుసేన్ తిరుగుబాటు మొదలుపెట్టాడు. తురుష్కులు ఆంగ్లేయులకూ శత్రువులే కాబట్టి వాళ్లు తమ సైన్యం నుంచి ఒక కుర్ర అధికారిని పంపారు, ఆ తిరుగుబాటు సంగతేమిటో చూసి రమ్మని. అతనే లారెన్స్.

"ఫైట్లు ఉంటాయా?"

"ఉంటాయి. రెండు గంటలు ఆగాలి."

అది ట్యూషన్ వైపు మళ్లీ ఆలోచిస్తున్నట్టు కనిపించింది.

సీట్ల దగ్గర నేను ఎప్పుడూ చివరి వరుస మనిషిని. మెడ నొప్పి రాదు, వెనక నుంచి ఎవరూ తన్నరు. ఈసారి మాత్రం ముందు నుంచి ఐదో వరుస తీసుకున్నాను. కారణం ఉంది. ఈ సినిమా తీసింది 65 మిల్లీమీటర్ల నెగటివ్ మీద. ఆ రోజుల్లో మామూలు సినిమాలు 35 మిల్లీమీటర్లవి. పెద్ద ఫ్రేమ్ కాబట్టి వివరం కూడా అన్ని రెట్లు ఎక్కువ పట్టి ఉంటుంది. ఎంత పెద్దగా వేసినా బొమ్మ చెదరకుండా ఉండాలనే అంత ఖర్చు పెట్టి తీసినదాన్ని వెళ్లి వెనక గోడకు ఆనుకుని చూస్తే మళ్లీ టీవీలో చూసినట్టే. ఐదో వరుసలో కూర్చుంటే తెర ఎడమ అంచూ కుడి అంచూ ఒకేసారి కంటికి ఆనవు. తల తిప్పి చూసుకోవాలి. నాకు కావలసింది అదే.

ఇంకో జాగ్రత్త, స్వెట్టర్లు. ఏసీ హాల్లో నాలుగు గంటలు కదలకుండా కూర్చుంటే ఎవరైనా బిగుసుకుపోతారు. తెర మీద మనుషులు దాహంతో పెదాలు పగిలి చస్తుంటే, మేమిద్దరం చేతులు చంకల్లో పెట్టుకుని వణుకుతూ చూశాం. ఆ సంగతి తర్వాత.

లైట్లు ఆరాయి. తెర మీద ఏమీ లేదు, నలుపు. దద్దరిల్లేలా డప్పులు మొదలయ్యాయి, వాటి వెనకే వయొలిన్లు. అర నిమిషం, నిమిషం. తెర నల్లగానే ఉంది. వెనక వరుసల్లో గుసగుసలు. "సౌండ్ వస్తోంది, బొమ్మ రావట్లేదు" అని ఒకాయన ప్రకటించాడు. ఎవరో ఈల వేశారు. ఫోన్ టార్చీలు వెలిగాయి. ఒక పెద్దమనిషి ఇక లాభం లేదని లేచి బయటికి వెళ్లి హాలు కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆ కుర్రాడు తలుపు దగ్గర నిలబడి నల్లటి తెర కేసి చూశాడు. మా కేసి చూశాడు. "సార్, ఇది సినిమానే. ఇలాగే ఉంటుందంట" అని వెళ్లిపోయాడు.

నిజమే, ఇలాగే ఉంటుంది. దీన్ని ఓవర్చర్ అంటారు. మన నాటకాల్లో తెర లేవకముందు హార్మోనియం, తబలా ఒక పట్టు పట్టేవి కదా, జనం సర్దుకునేదాకా, అలాంటిదే. 1962లో ఈ సినిమా వచ్చినప్పుడు పెద్ద చిత్రాలను ఇలా సంగీతంతోనే మొదలుపెట్టేవారు. సంగీతం మోరిస్ జార్‌ది. నాలుగు నిమిషాలకు పైగా చీకట్లో అదొక్కటే. నా మూడు వీక్షణల్లో నేను దీన్ని ఒక్కసారీ వినలేదు. వీసీడీలో కోసేశారు. లాప్‌టాప్‌లోనూ ఫోన్లోనూ నేనే ముందుకు జరిపేశాను. హాల్లో జరపడానికి లేదు. మూడో నిమిషానికి గుసగుసలు ఆగిపోయాయి, టార్చీలు ఆరాయి. మా అమ్మాయి ఫోన్ సంచిలో పడేసి జిప్ వేసిన చప్పుడు వినిపించింది. ఇంట్లో మేం ఎంత అరిచినా జరగని పని అది.

కథ మొదలయ్యేది లారెన్స్ చావుతో. ఇంగ్లండులో పల్లె దారి, మోటార్‌సైకిల్, ఎదురుగా సైకిళ్ల మీద ఇద్దరు, తప్పించబోయి పొదల్లోకి. కొమ్మకు వేలాడుతూ కళ్లద్దాలు. 1935 మే నెల, అప్పటికి అతని వయసు 46. మనకు హీరో ఎంట్రీకి దుమ్ము లేవాలి, స్లో మోషన్ పడాలి. ఇక్కడ ముందు హీరోను పంపించేసి తర్వాత కథ చెబుతారు. "అయిపోయాడా?" అంది మా అమ్మాయి, ఆశగానో నిరాశగానో తెలియలేదు.

ఆ తర్వాత అందరూ చెప్పుకునే అగ్గిపుల్ల. కైరోలో ఒక ఆఫీసు గది. లారెన్స్ వేళ్ల మధ్య పుల్ల వెలుగుతోంది. దాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుని చూస్తాడు, ఉఫ్ అని ఊదుతాడు, అంతే. తెర నిండా ఎర్రటి ఎడారి, ఆకాశం అంచున సూర్యుడు ఇంకా పైకి రాలేదు. స్క్రిప్టులో ఒక దృశ్యం కరిగి ఇంకోటి తేలాలని రాసుకున్నారట. ఎడిటింగ్ గదిలో ఆ కరిగే పని ఇంకా చేయకముందు రెండు ముక్కలూ పక్కపక్కన అతికించి చూసుకుంటే, అలా ఠక్కున మారడమే బాగుందని ఉంచేశారు. ఎడిటర్ యాన్ కోట్స్‌కు ఈ సినిమాకి ఆస్కార్ వచ్చింది. మొత్తం ఏడు ఆస్కార్లలో అదొకటి. ఫోన్లో చూసినప్పుడు ఈ కట్ నాకు తెలివైన పనిలా అనిపించింది. ఐదో వరుసలో మాత్రం, ఆ చిన్న మంట ఆరిన చోటి నుంచి అంత పెద్ద ఎరుపు ఒక్కసారిగా మీద పడేసరికి నేను సీట్లో వెనక్కి జరిగాను. జరిగానని కూడా పక్కనుంచి నవ్వు వినిపించాకే తెలిసింది.

అసలు నేను రాయాలనుకున్నది ఆ తర్వాతి పది నిమిషాల గురించి.

లారెన్స్, దారి చూపించే తఫాస్ అనే బెదూయిన్ (ఎడారి సంచార తెగవాడు), ఇద్దరూ ఒక బావి దగ్గర ఆగుతారు. తఫాస్ నీళ్లు తోడతాడు. చుట్టూ చదును నేల, చెట్టూ పుట్టా లేదు. మధ్యాహ్నం. దూరాన నేల ముగిసే చోట ఎండమావి, పాదరసం పోసినట్టు మెరుస్తూ వణుకుతున్న గీత. సంగీతం లేదు. ఈ దృశ్యం నాకు కొట్టినపిండి. ఇప్పుడు దూరం నుంచి ఒంటె మీద ఒమర్ షరీఫ్ వస్తాడు, తఫాస్‌ను కాల్చేస్తాడు. ఎప్పుడు కనిపిస్తాడా అని చూస్తున్నాను.

"నాన్నా, ఎవరో వస్తున్నారు" అంది మా అమ్మాయి.

"ఇంకా రాలేదు. వస్తాడు."

"వస్తున్నారు. అదిగో."

నేను చూశాను. ఏమీ లేదు. అది చెయ్యి చాచి తెర మధ్యకు కాస్త పక్కగా చూపించింది. అప్పుడు కనిపించింది, మెరుస్తున్న గీత మీద ఒక చుక్క. సున్నం వేసిన గోడకు పెన్సిల్ మొన తగిలితే పడే మచ్చంత. అది కదులుతోందా, నిలబడిందా అనేది తెలియదు. అంతలో కిందికి సాగి నిలువు దారం అయింది. దారం తెగి రెండు ముక్కలైంది, మళ్లీ అతుక్కుంది. ఎండమావిలో దాని నీడ దానికే తలకిందులుగా అంటుకుని ఉంది. నీళ్లలో నడుస్తున్నట్టు కాళ్లు కనబడి మాయమై, మళ్లీ కనబడుతున్నాయి. తెర మీద ఉన్న ఇద్దరూ చూస్తూనే ఉన్నారు, హాల్లో మేమందరం చూస్తూనే ఉన్నాం. ఒంటె అడుగుల చప్పుడు ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. మనిషే అని తేలాక కూడా మిత్రుడో శత్రువో తేలడానికి ఇంకా చాలా సేపు పట్టింది. తఫాస్ తుపాకీ కోసం ఉరికాడు. చిన్న మోత. తఫాస్ పడిపోయాడు.

నాకు ఒళ్లు జలదరించింది, సిగ్గు కూడా వేసింది. మూడుసార్లూ ఈ దృశ్యంలో నేను చూసింది ఒక మనిషి రావడం. తెర చిన్నదైతే చుక్క ఉండదు. ఉన్నా అది అద్దం మీద దుమ్ము. వచ్చేవాడు కనిపించే సైజుకు వచ్చాకే మన కంటికి వస్తాడు. అప్పటిదాకా జరిగేదంతా "ఏమీ జరగడం లేదు" లెక్కలోకి పోతుంది, వేలు దానంతటదే ముందుకు జరిపే మీట మీదికి వెళుతుంది. పెద్ద తెర మీద ఆ ఏమీ జరగని సేపట్లోనే అంతా జరుగుతోంది. తఫాస్ ప్రాణం పోవడం వాడు చుక్కగా ఉన్నప్పుడే మొదలైంది.

ఈ ఒక్క షాట్ కోసం ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ యంగ్ 482 మిల్లీమీటర్ల లెన్స్ వాడాడు. పానావిజన్ వాళ్ల నుంచి తెప్పించుకున్నది. చోటు జోర్డాన్‌లోని జఫర్ దగ్గరి బల్లపరుపు మైదానం. అంత పొడుగు లెన్స్ దూరాన్ని దగ్గరికి లాగుతుంది, కానీ మధ్యలో ఉన్న వేడిగాలినంతా కూడా మూటగట్టి తెస్తుంది. అందుకే మనిషి రూపం అలా కరిగి కారుతూ కనిపిస్తుంది. ఆ వేడికి నెగటివ్ మీది పూత సన్నగా పగుళ్లిచ్చిందట. 2012లో డిజిటల్‌గా బాగు చేసేటప్పుడు ఆ పగుళ్లను పూడ్చడమే పెద్ద పని అయిందని చదివాను. ఒమర్ షరీఫ్‌కు ఇది మొదటి ఇంగ్లిషు సినిమా. చుక్కగా మొదలైన వేషం ఇంకెవరికైనా ఇచ్చారేమో నాకు తెలియదు.

ఇక్కడి నుంచి మా అమ్మాయి నన్ను పట్టించుకోవడం మానేసింది.

నెఫూద్ ఎడారి దాటే భాగంలో ఇంకో చుక్క ఉంది. రాత్రంతా నడిచాక తెల్లవారి చూసుకుంటే ఒక ఒంటె మీద మనిషి లేడు. గాసిమ్ అనేవాడు దారిలో జారిపడిపోయాడు. వెనక్కి వెళితే ఇద్దరూ చస్తారు, వాడి రాత అంతే అంటారు అందరూ. లారెన్స్ ఒక్కడే వెనక్కి వెళతాడు. లారెన్స్‌ను నమ్ముకుని వెంట తిరిగే ఇద్దరు అనాథ కుర్రాళ్లలో ఒకడు ఎడారి అంచున ఒంటె మీద కాపలా కూర్చుంటాడు. అటు చూస్తుంటాడు, చూస్తుంటాడు. అక్కడా అదే ఎండమావి, అదే చుక్క. ఈసారి కుర్రాడు ఒంటెను కదిలిస్తాడు, అది నడకలోంచి పరుగులోకి, పరుగులోంచి దౌడులోకి. ఇప్పుడు సంగీతం వస్తుంది, మొదటి చుక్కకు రాని సంగీతమంతా కలిపి. మొదటి చుక్క చావును తెచ్చింది, రెండోది బతుకును తెచ్చింది. ఈ జత నాకు మూడు వీక్షణల్లో తట్టలేదు. మొదటిదాన్ని చూస్తే కదా.

గాసిమ్‌గా వేసింది ఎవరో కాదు, మన ఐ.ఎస్. జోహార్. పాత హిందీ సినిమాల్లో హాస్యపాత్రలు వేసే ఆయనే. ఈ సంగతి చెబుదామని మా అమ్మాయి వైపు వంగాను. "ష్" అంది.

ఒంటెల గురించి ఒక చిన్న కథ చెప్పుకుంటారు. హీరో పీటర్ ఓటూల్ ఒంటె మీద నెలల తరబడి స్వారీ చేయలేక జీను కింద స్పాంజి ముక్క వేసుకున్నాడట. అక్కడి బెదూయిన్లు మొదట నవ్వి, 'స్పాంజికి తండ్రి' అని బిరుదిచ్చి, తర్వాత తామూ వేసుకోవడం మొదలుపెట్టారట. నాలుగు గంటలు మెత్తటి సీట్లో కూర్చోలేక అటూ ఇటూ కదిలిన నాకు ఆ స్పాంజి మీద గౌరవం పెరిగింది.

తురుష్కుల చేతిలో ఉన్న అఖబా అనే రేవు పట్టణం మీద దాడి గురించి ఎంతైనా రాయొచ్చు, అందరూ రాశారు కాబట్టి ఒక్క మాట. గుర్రాలు, ఒంటెలు, వందలమంది మనుషులు ఎడమ నుంచి కుడికి ఊరి మీద పడుతుంటే, కెమెరా వాళ్లతో పాటు తిరుగుతూ తిరుగుతూ సముద్రం దాకా వెళ్లి ఒక ఫిరంగి దగ్గర ఆగుతుంది. ఫిరంగి మొహం సముద్రం వైపు. శత్రువు వెనక నుంచి వచ్చాడు. డైలాగ్ అక్కర్లేదు. ఆ ఊరు నిజం అఖబా కాదు, స్పెయిన్ దక్షిణ తీరంలో కట్టిన సెట్. హాల్లో చప్పట్లు, ఈలలు. నేనూ కొట్టాను.

ఇంటర్వెల్. నాలాంటి వయసువాళ్లందరం ఒకే దిక్కుకు పరుగు. తిరిగొచ్చేసరికి మా అమ్మాయి మోకాళ్లు పైకి ముడుచుకుని స్వెట్టర్‌లో దూర్చుకుని కూర్చుంది.

"నాన్నా, ఒకటి గమనించావా? ఇప్పటిదాకా ఒక్క ఆడమనిషి కూడా మాట్లాడలేదు."

నేను నవ్వి, లేదమ్మలూ, ఎక్కడో ఉండే ఉంటారని మొదలుపెట్టి ఆగిపోయాను. గుర్తు చేసుకున్నాను. దండు బయల్దేరేటప్పుడు కొండల మీద నల్లటి ముసుగుల్లో నిలబడి నాలుకలు ఆడిస్తూ కేకలు వేసే ఆడవాళ్లు ఉన్నారు. మాట్లాడినవాళ్లు లేరు. రెండో సగంలోనూ లేరు. మూడున్నర గంటల సినిమాలో ఒక్క ఆడగొంతుకు ఒక్క డైలాగ్ లేదు. మూడుసార్లు చూసి, నలుగురికీ మాస్టర్‌పీస్ అని చెప్పిన నాకు ఇది ఎవరూ చెప్పకుండా తట్టలేదు.

"మరి వాళ్లంతా ఎక్కడున్నారు?"

"సినిమా తీసినవాళ్లు అటు కెమెరా తిప్పలేదు" అన్నాను. అంతకంటే మంచి జవాబు దొరకలేదు.

రెండో సగం గురించి నా అభిప్రాయం మారలేదు, అది సాగుతుంది. రైళ్లను పేల్చడం బాగుంది, డమాస్కస్‌లో అరబ్బు పెద్దలు చిన్నపిల్లల్లా బల్లలు గుద్దుకుని కొట్టుకునే ఘట్టం ఇబ్బందిగా ఉంది. వాళ్లకు పాలించుకోవడం రాదన్న మాటను అంత తేలిగ్గా ఒప్పించేస్తే ఎలా? పైగా షరీఫ్ హుసేన్ కొడుకు, రాకుమారుడు ఫైసల్‌గా వేసింది ఇంగ్లిషు నటుడు అలెక్ గిన్నెస్, ఔదా అబూ తాయీ అనే తెగ నాయకుడిగా వేసింది మెక్సికోలో పుట్టిన ఆంథొనీ క్విన్. చిన్న తెర మీద అది గొప్ప మేకప్. పెద్ద తెర మీద చర్మం రంగుకీ మేకప్ రంగుకీ మధ్య గీత వెతకడం నా వల్ల జరిగిపోతూనే ఉంది. పెద్ద తెర ఏదీ దాచదు.

ఒకటి మాత్రం వెతికినా దొరకలేదు. ఈ సినిమాను మొదటి విడుదల తర్వాత పంపిణీ కోసం కత్తిరించుకుంటూ వచ్చారు. 1989లో రాబర్ట్ హ్యారిస్ పోయిన ముక్కలను వెతికి అతికించేసరికి కొన్నింటికి బొమ్మ ఉంది, మాట లేదు. ఓటూల్, గిన్నెస్, క్విన్ పాతికేళ్లకు పైగా గడిచాక మళ్లీ మైకు ముందు నిలబడి తమ పడుచు ముఖాలకు గొంతులిచ్చారు. జనరల్ అలెన్‌బీగా వేసిన జాక్ హాకిన్స్ అప్పటికే చనిపోవడంతో ఆయనకు చార్లెస్ గ్రే చెప్పాడు. ముసలి గొంతు ఎక్కడ వినిపిస్తుందా అని చెవులు రిక్కించాను. ఒక్క చోట కూడా పట్టుకోలేకపోయాను.

రెండో సగంలో నేను మర్చిపోలేనిది ఆ బాకు. మొదటి సగంలో లారెన్స్‌కు తెల్లటి అరబ్బు దుస్తులు ఇస్తారు. ఎవరూ లేని చోట అతను నడుముకున్న బాకు తీసి, అందులో తన ముఖం చూసుకుని మురిసిపోతాడు, పెళ్లికొడుకు అద్దం చూసుకున్నట్టు. రెండో సగంలో తఫాస్ అనే ఊరి దగ్గర (బావి దగ్గర చచ్చిపోయినవాడి పేరే, అది వేరు), వెనక్కి పోతున్న తురుష్క దండు మీద పడి ఎవరినీ బతకనివ్వొద్దంటాడు. ఆ రక్తం మధ్య నిలబడి మళ్లీ అదే బాకులో ముఖం చూసుకుంటాడు. ఈసారి ఆ ముఖం తెర మీద ఎంత ఉందంటే, పక్కకు చూద్దామన్నా పక్క లేదు. మా అమ్మాయి స్వెట్టర్ చేతిని కళ్ల దాకా లాక్కుంది. అఖబాకి ఈలలు వేసిన హాలు ఇక్కడ కిక్కురుమనలేదు. రెంటిలోనూ ఉన్నది గుర్రాలు, కత్తులు, పరుగెత్తే మనుషులే. నేను అక్కడ చప్పట్లు కొట్టిన చేతులు స్వెట్టర్ జేబుల్లో పెట్టుకున్నాను.

చివర లారెన్స్ జీపు లాంటి బండిలో వెళుతుంటాడు. ఒక మోటార్‌సైకిల్ దాటిపోతుంది, దుమ్ము. "మొదట్లో బండి" అంది మా అమ్మాయి. అవును.

బయటికొచ్చేసరికి మోకాళ్లు పట్టేశాయి. ఇంటి దారిలో ప్రశ్నలు మొదలయ్యాయి.

"ఇదంతా నిజంగా జరిగిందా?"

జరిగిందీ ఉంది, కలిపిందీ ఉంది. అఖబా 1917 జులై 6న చేజిక్కింది. కానీ అసలు పోరు ఊళ్లో కాదు, అంతకు నాలుగు రోజుల ముందు అబూ అల్ లిసాన్ అనే చోట జరిగింది. ఆ పోరులో లారెన్స్ ఊపు మీద తుపాకీ పేలుస్తూ తన ఒంటె తలకే కాల్చుకున్నాడు. గాలిలో ఎగిరి కింద పడ్డాడు, యుద్ధం అయిపోయేదాకా లేవలేదు. ఆయన తన పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు. మా అమ్మాయి పగలబడి నవ్వింది. "ఇది ఎందుకు పెట్టలేదు? ఇదే బాగుంది కదా!"

గాసిమ్ విషయం చెబితే మాత్రం నవ్వలేదు. సినిమాలో లారెన్స్ ప్రాణాలకు తెగించి కాపాడిన ఆ గాసిమే, తర్వాత ఒక హత్య చేస్తాడు. రెండు తెగల మధ్య పగ రగలకుండా ఏ తెగకూ చెందని లారెన్సే వాణ్ణి కాల్చాల్సి వస్తుంది. నిజంలో వాళ్లు ఇద్దరు. గాసిమ్‌ను ఎడారిలో వెతికి తెచ్చింది నిజం. తెగల తగవులో లారెన్స్ తన చేత్తో కాల్చింది నిజం, కానీ కాల్చింది హామెద్ అనే ఇంకొకణ్ణి. రెండు నిజాలను అతికించి ఒక అబద్ధం చేశారు.

"అది మోసం కదా?"

"కథ కోసం."

"ఆ హామెద్ ఏమైపోయాడు మరి? సినిమాలో లేడు, గాసిమ్ పేరు మీద పోయింది." కాసేపాగి, "ఆయన అంత పొడుగ్గా ఉండేవాడా?" అంది.

"లేదు. లారెన్స్ 5 అడుగుల 5 అంగుళాలు. సినిమాలో వేసిన ఓటూల్ 6 అడుగుల 2 అంగుళాలు." లారెన్స్ తమ్ముడు ఆర్నల్డ్ ఈ సినిమా చూసి ఇతను మా అన్న కాదన్న ధోరణిలో మాట్లాడాడని కూడా చెప్పాను. అరబ్బులకు స్వాతంత్ర్యం ఇస్తామని ఒకపక్క చెబుతూనే 1916లో బ్రిటన్, ఫ్రాన్స్ ఆ నేలను రహస్యంగా పంచుకోవడానికి సైక్స్, పికో పేర్లతో ఒప్పందం రాసుకున్నాయనీ, ఆ గీతల గొడవ ఇంకా తీరలేదనీ చెప్పబోయాను. అప్పటికే తల కిటికీకి ఆనించి నిద్రపోయింది.

మర్నాడు వాళ్లమ్మకు కథంతా చెప్పింది. చుక్క దగ్గరికొచ్చేసరికి మాటలు చాల్లేదు. "నాన్నా, నీ ఫోన్లో ఉందిగా, చూపించు" అంది. తీశాను. బావి, తఫాస్, ఎండమావి. బొమ్మ ఆపాను. ముగ్గురం వంగి చూశాం.

"ఏదీ?" అంది మా ఆవిడ.

"ఇక్కడే, ఈ మధ్యలోనే ఎక్కడో..." అని వేలు పెట్టి చూపించబోయాను. బావీ, ఎండమావీ, ఆకాశం అంచూ అన్నీ నా వేలి కింద పడిపోయాయి.

"వేలు తియ్యి నాన్నా" అంది మా అమ్మాయి.